హిల్కె ఇంటి కొత్త నంబర్లు

హిల్కె రూటరు ప్లగ్గు పీకేముందు కెటిల్లో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టేది. కెటిల్ కూత పెట్టేదాకా ఆగి, అప్పుడు ప్లగ్గు మళ్ళీ గోడలో గుచ్చేది. ఆ మాత్రం ఆగితే చాలు, ఇంటర్నెట్ కంపెనీవాడు ఆ ఇంటి పాత నంబరు వెనక్కి లాక్కుని కొత్తది పడేస్తాడు. ఐపీ అడ్రసు అంటారు దాన్ని. రూటర్లో పచ్చ దీపం వెలిగేసరికి హిల్కె ఇల్లు బయటి ప్రపంచానికి ఇంకెవరిదో ఇల్లయిపోయేది.

దొంగతనాలూ దగాలూ చేసేవాళ్ళకి కావాలి గాని ఇలాంటివి, టీ ఫ్యాక్టరీలో పొట్లాలు కట్టీ కట్టీ వేళ్ళు వంకర్లు తిరిగిన ముసలమ్మకెందుకు అనొచ్చు. హిల్కెకి కావాల్సింది ఒక్కటే. సొంత అన్న పక్కన కూర్చుని పేకాడటం. అన్న రానివ్వడు. అందుకని పరాయి మనిషై వెళ్ళేది.

మా ఊరంటే ఒక కాలువ, దానికి రెండు ఒడ్లు, అంతే. హిల్కె ఈ ఒడ్డున, అన్న హాబో ఆ ఒడ్డున. మధ్యలో పడవలొస్తే పైకి లేచే తెల్లటి వంతెన. చలికాలం ఆకులు రాలాక హిల్కె వంటింటి కిటికీలోంచి హాబో ఇంటి పొగగొట్టం కనపడేది. పొగ వస్తుంటే లేచాడని తెలిసేది. పదేళ్ళు దాటింది, అన్న గురించి ఆమెకి సూటిగా తెలిసే కబురు ఆ పొగ ఒక్కటే.

గొడవ వాళ్ళమ్మ అంత్యక్రియల నాడు జరిగింది. చివరి రోజుల్లో అమ్మకి మతి నిలవలేదు. హాబో భార్య ఫ్రౌకె నడుం పడిపోయి మంచం దిగలేని స్థితి. హాబో చెల్లెలి దగ్గరికొచ్చి, కొన్నాళ్ళు నీ దగ్గర పెట్టుకుంటావా అని అడిగాడు. ఫ్యాక్టరీ మానేసి కూర్చోలేనంది హిల్కె. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. మతిలేని మనిషిని చూసుకోవాలంటే ఆమెకి భయం. గత్యంతరం లేక హాబో అమ్మని ఎమ్డెన్ పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో చేర్చాడు. ఏడాది తిరగలేదు, అమ్మ పోయింది.

పాతిపెట్టి వచ్చాక టీ. మా దగ్గర ఆ రోజు ఇంటివాళ్ళు చెయ్యి కదపకూడదు, ఇరుగుపొరుగే వచ్చి టీ పోస్తారు, వెన్న రాసిన బన్ను ముక్కలు పెడతారు. అంతమంది ముందు, కప్పుల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేని ఆ గదిలో హిల్కె నోరు తెరిచింది.

"అమ్మని అక్కడ పారేసి చంపింది నువ్వే, హాబో."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. తన తప్పు గొంతుకడ్డం పడ్డప్పుడు పక్కవాడి మీదికి ఉమ్మేసే రకాలు కొందరుంటారు. ఆ పూట హిల్కె అదే చేసింది. ఆ మాట బయటపడ్డ మరుక్షణమే తనకి తెలుసు, అది తనకి తగలాల్సిన మాటని.

హాబో కప్పు కింద పెట్టాడు. "నాకు చెల్లెలు లేదు" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

మా వైపు మగాళ్ళు తక్కువ మాట్లాడతారు. మాట్లాడింది మాత్రం మార్చుకోరు. హిల్కె తలుపు తట్టడానికి వెళ్తే ఫ్రౌకె వచ్చి తల అడ్డంగా ఊపేది. బేకరీలో ఎదురుపడితే హాబో రొట్టె కొనకుండానే వెనక్కి తిరిగేవాడు. "తప్పు నాది" అన్న రెండు మాటలు చెప్పడానికి హిల్కె ఎన్నిసార్లు అద్దం ముందు నిలబడిందో! ఆ రెండు మాటలు వినేవాడు లేక నాలుక మీదే ఎండిపోయాయి.

ఇంతలో మాయదారి రోగమొచ్చి ఊరి పేకాట క్లబ్బు మూతబడింది. మా జనం తిండి మానేస్తారేమో గాని స్కాట్ ఆట మానరు. ముగ్గురు ఆడే ఆట అది. పాటలో పెద్దది పాడిన వాడు ఒంటరిగా ఆడాలి, మిగతా ఇద్దరూ జతకట్టి వాణ్ణి ఓడించాలి. మళ్ళీ పంపకంలో జతలు మారిపోతాయి. ఇద్దరున్నారంటే ఆట లేదు, మూడో మనిషి కావాల్సిందే. క్లబ్బు మూశాక అందరూ ఇంటర్నెట్లో బల్లలు తెరిచారు. హాబో కూడా తెరిచాడని, అక్కడ "పాత పడవ" అనే పేరు పెట్టుకున్నాడని, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఠంచనుగా వచ్చి కూర్చుంటాడని బేకరీలో ఎవరో అంటుంటే హిల్కె విన్నది. ఆ పూటే ఆమె ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షనుకి కబురు పెట్టింది.

మొదటిసారి సొంత పేరుతోనే వెళ్ళింది. "మొయిన్, హాబో" అని రాసింది. మొయిన్ అంటే మాకు పొద్దున్నా రాత్రీ అదే పలకరింపు. జవాబు రాలేదు. తెర మీద ఎర్ర అక్షరాలొచ్చాయి: ఈ బల్ల యజమాని మిమ్మల్ని బయటికి పంపారు. ఆ ఇంటి నుంచి ఇక ఏ పేరుతో తట్టినా తలుపు తెరుచుకోలేదు.

తన లైనే పాడయిందనుకుని కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి పిల్లకి ఓపికెక్కువ.

"లైను బాగానే ఉందమ్మా. ఆ బల్లవాళ్ళు మీ ఇంటి నంబరునే ఆపేశారు. ఏం చేశారేంటి, మోసం ఆట ఆడారా?"

"నోరు పారేసుకున్నాను."

"ఓస్, అంతేనా! ప్లగ్గు పీకి కాసేపాగి పెట్టండి. మేమిచ్చే నంబరు అద్దె ఇల్లులాంటిది. మీరు ఖాళీ చేస్తే ఇంకెవరికో ఇస్తాం, మీకు ఇంకోటి ఇస్తాం. కొత్త నంబరు మీద ఎవరికీ కోపం ఉండదు."

కొత్త నంబరు మీద ఎవరికీ కోపం ఉండదు. ఆ మాట విని హిల్కె ఫోన్ పెట్టేసి చాలాసేపు రూటరు వంకే చూస్తూ కూర్చుంది. అంత చౌకగా వదిలిపోయే కోపమైతే ఎంత బాగుండును!

రెండోసారి "తులిప్" అని పేరు పెట్టుకుని వెళ్ళింది. హాబో పక్క కుర్చీలో ఎక్కడో దూరాన సాక్సనీ వైపు మనిషొకడు ఉన్నాడు, పేరు "మెకానిక్", నోటికి తాళం లేని మనిషి. ఆట మొదలైంది. నాలుగు ఆటలు సాఫీగా సాగాయి. అయిదో ఆటలో ఆమె చేతికి ఆటీను పది వచ్చింది.

ఇక్కడ వాళ్ళ నాన్న సంగతి చెప్పాలి. పడవలు నడిపే మనిషి. పిల్లలిద్దరికీ వంటింటి బల్ల మీద ఈ ఆట నేర్పింది ఆయనే. ఆయనకో పిచ్చి నమ్మకం, ఆటీను పది ఇంటి దీపమని, దాన్ని ఆఖరుదాకా చేతిలోంచి వదలకూడదని. ఆట తెలిసినవాడెవడూ అలా చెయ్యడు, ఆఖర్న ఆసు చేతిలోనో తురుపు చేతిలోనో పట్టుబడి పది పాయింట్లూ పోతాయి. క్లబ్బులో అందరూ నవ్వేవాళ్ళు. అయినా నాన్న మారలేదు, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ తప్పు ఆట ఆడేవాళ్ళు లోకం మొత్తం మీద ముగ్గురే. నాన్న పోయాక ఇద్దరు.

హిల్కె చెయ్యి ఆలోచించకుండానే ఆటీను పదిని దాచింది. ఆఖర్న అది పట్టుబడింది. మెకానిక్ "ఓ తులిప్పమ్మా, పదిని గుడ్డు పొదిగినట్టు పొదిగావేం!" అని రాశాడు. హాబో మాత్రం ఒక్క ముక్కే రాశాడు: "వెళ్ళిపో హిల్కె." మళ్ళీ ఎర్ర అక్షరాలు. మళ్ళీ కెటిల్.

ఆ చలికాలమంతా ఇదే తంతు. ఒకసారి "నీ దగ్గెలా ఉంది" అని అడిగి దొరికిపోయింది. ఇంకోసారి ఏం చేసిందో ఆమెకే తెలియదు, హాబో మూడు ముక్కలకే పట్టేశాడు. గెంటించుకున్న నంబర్లు ఒక్కోటీ ఒక్కో ఇంటికి పోయాయి. అప్పట్లో వాటి గురించి ఆలోచించలేదామె.

చివరికి ఆమె అసలైన పనికి పూనుకుంది. వేరే మనిషిలా ఆడటం నేర్చుకుంది. నాన్న నేర్పిందంతా ఒక్కోటీ మరిచిపోవాలని కూర్చుంది. ఆటీను పది చేతికొస్తే రెండో ముక్కకే విసిరేసేది. విసిరిన ప్రతిసారీ వంటింట్లో నాన్న కుర్చీని తన్నేసినట్టుండేది. మాటలు కూడా మార్చింది, పొడి పొడిగా, కాస్త పెంకిగా. "కరకట్ట గొర్రె" అని పేరు పెట్టుకుని ఆ బల్ల దగ్గర కూర్చుంది. ఈసారి హాబో పట్టలేదు.

పట్టకపోవడమే కాదు, ఇష్టపడ్డాడు. అదీ చిత్రం.

"గొర్రె వచ్చిందా? మొయిన్ గొర్రే! మేత ఎలా ఉంది?" అని రాసేవాడు.

"తడి గడ్డి. మీ బల్ల దగ్గరే కాస్త పొడిగా ఉంది" అని రాసేది హిల్కె.

"ఇదిగో, మీ ఇద్దరూ సరసాలాడితే నేను పంచుకుని నేనే ఆడుకోవాలి" అనేవాడు మెకానిక్.

జత కుదిరినప్పుడు పాత పడవా గొర్రే ఒకటై మెకానిక్‌ని ఉతికి ఆరేసేవాళ్ళు. హిల్కె తెర ముందు ఒక్కతే కూర్చుని పడీ పడీ నవ్వేది. నవ్వాక ముఖం కడుక్కునేది. చెల్లెలిగా అడిగి పొందలేనిదాన్ని గొర్రెగా పొందుతున్నందుకు సిగ్గుపడాలో సంతోషపడాలో ఆమెకి తెలిసేది కాదు. ఏదైతేనేం, రోజులో ఆ గంట కోసమే మిగతా గంటలన్నీ గడిపేది.

ఒకనాడు మెకానిక్ తన అన్నదమ్ముల గోల ఏదో చెప్పుకుంటూ, "నీకెవరైనా ఉన్నారా పాత పడవా?" అని అడిగాడు.

హాబో ముందు తన ముక్క వేశాడు. తర్వాత జవాబు వచ్చింది.

"చెల్లెలుండేది. పోయింది."

"అయ్యో. ఎప్పుడు?"

"మా అమ్మ పోయిన వారమే."

"ఒకే వారం ఇద్దరా! ఏదైనా ప్రమాదమా?"

"అలాంటిదే."

మెకానిక్ పాపం ఏవో ఓదార్పు మాటలు రాశాడు. ఇక హిల్కె వంతు. ఎవరికైనా పోయినవాళ్ళున్నారని వింటే ఒక మాటనాలి, అనకపోతే మర్యాద కాదు. అనకపోతే అనుమానం కూడా వస్తుంది. హిల్కె వంకర వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది, నీ చెల్లెలు పోయినందుకు చాలా బాధగా ఉంది అని.

"థాంక్స్ గొర్రే. ముక్క వెయ్యి" అన్నాడు హాబో.

తన చావుకి తనే పరామర్శ చెప్పుకుని, ఆమె ముక్క వేసింది.

తర్వాతి చలికాలానికి హాబో ఊపిరితిత్తులు బాగా చెడ్డాయి. ఓడల కార్ఖానాలో చిన్నప్పట్నుంచీ పీల్చిన దుమ్ము. ఆటలో ఆలస్యంగా ముక్క వేసేవాడు, మధ్యలో "దగ్గు. ఆగండి" అని రాసేవాడు. హిల్కె ఏమీ అడిగేది కాదు. అడిగితే దొరికిపోతుంది. ఆగేది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం హాబో కుర్చీ ఖాళీగా ఉంది. మెకానిక్ మాత్రం వచ్చి, "పాత పడవ మునిగిందా ఏంటి?" అన్నాడు. మర్నాడూ ఖాళీయే. "నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు మెకానిక్. హిల్కె వంటింటి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. పొగ వస్తూనే ఉంది. మనిషున్నాడు. మరి ఆటకెందుకు రాడు?

తెల్లారాక బేకరీ వరసలో ఫ్రౌకె ఆమెకి ముందు నిలబడి, రొట్టెలమ్మే ఆవిడతో చెప్పుకుంటోంది.

"ఆక్సిజన్ మిషను ఇంటికి తెచ్చారు, డాక్టర్లు ఇక చేసేదేం లేదన్నారు. అది చాలదన్నట్టు గోరుచుట్టు మీద రోకటి పోటు, ఆయన పేకాట ఆగిపోయింది. సొంత బల్లలోకే రానివ్వట్లేదట! 'ఈ బల్ల యజమాని మిమ్మల్ని బయటికి పంపారు' అని వస్తోందట. యజమాని ఆయనే! పొద్దస్తమానం ఆ ఎర్ర అక్షరాలు చూస్తూ కూర్చుంటున్నాడు. ఇంకేం అడగట్లేదాయన, ఆ ఒక్క ఆటే."

ఇన్నేళ్ళలో మొదటిసారి వదినని పేరుపెట్టి పిలిచింది.

"ఫ్రౌకె. మిషను పెట్టేటప్పుడు రూటరు ప్లగ్గు తీశావా?"

ఫ్రౌకె వెనక్కి తిరిగింది. మాట్లాడాలా వద్దా అని ఒక క్షణం చూసింది.

"తీశాను. సాకెట్టు చాల్లేదు. తర్వాత తీగ పొడిగించి మళ్ళీ పెట్టాను. అయితే?"

"అయితే మీ ఇంటికి కొత్త నంబరొచ్చింది. అది హాబో గెంటేసిన నంబరు." హిల్కె గొంతు తగ్గించింది. "నేను వదిలేసిన నంబరు. నన్ను ఎన్నిసార్లు గెంటాడో నీకు తెలుసుగా. ప్రతిసారీ నేను మార్చుకున్నాను. పాతవన్నీ ఊళ్ళోనే తిరుగుతున్నాయి."

రొట్టెలావిడ చేతిలో సంచీ అలాగే ఉంది. ఫ్రౌకె ముఖంలో కోపం రావాల్సిన చోట అలసట వచ్చింది.

"మీ అన్నాచెల్లెళ్ళ పంతాలు ఆఖరికి ఇక్కడికి తెచ్చాయన్నమాట. తను వేసిన గడియ తనకే పడింది. సరే, ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏం లేదు. ప్లగ్గు పీకి, కాసేపాగి పెట్టు."

"నేను దాన్ని చచ్చినా ముట్టుకోను. ఒకసారి ముట్టుకుంటే ఇంత అయింది. నువ్వే రా. భోజనమయ్యాక ఆయన కునుకు తీస్తాడు, అప్పుడు రా. ఒక్క మాట, హిల్కె. నోరు మాత్రం విప్పకు. మొన్న చర్చి పాస్టరు నీ పేరెత్తితే ఆయనకి ఊపిరందలేదు, పెదాలు నీలమయ్యాయి. కోపమైనా ఏడుపైనా ఆయన ఇక తట్టుకోలేడు. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆయన్ని చంపకు."

హిల్కె తల ఊపింది. చంపకు అన్న మాట ఆ కుటుంబంలో తేలిక మాట కాదు.

మధ్యాహ్నం సైకిలు మీద వంతెన దాటి వెళ్ళింది. రూటరు నడవలో కోట్లు తగిలించే కొక్కేల కింద ఉంది. పక్క గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి ఆక్సిజన్ మిషను రొద. ఆ సందులోంచి ఆమెకి కనపడింది ఇంతే: బూడిదరంగు ఊలు మేజోళ్ళు తొడుక్కున్న రెండు పాదాలు, పీట మీద. చిక్కిపోయి ఉన్నాయి. ఎడమ మేజోడు మడమ దగ్గర చిరిగింది.

ఆమె వంగి ప్లగ్గు పీకింది. నేల మీద చతికిలబడి కూర్చుంది.

"ఫ్రౌకె! ఎవరొచ్చారు?"

కునుకు తియ్యలేదు మనిషి. ఆ గొంతు సగానికి సగం అరిగిపోయింది. అయినా అదే గొంతు. చిన్నప్పుడు కాలువ మంచు మీద "హిల్కె, అంచుకి పోకు" అని కేకేసిన గొంతు.

"ఇంటర్నెట్ వాళ్ళు" అంది ఫ్రౌకె, హిల్కె వంక చూడకుండా.

"మగమనిషా?"

"ఆడమనిషి."

"మంచిది, ఆడవాళ్ళయితే చేస్తారు. టీ ఇచ్చావా? టీ ఇవ్వకుండా పంపకు."

మా దగ్గర ఇంటికి ఎవరొచ్చినా మూడు కప్పులు తాగాలి. పన్నులవాడొచ్చినా అంతే. అంతకు ముందే లేస్తే ఇంటివాళ్ళని అవమానించినట్టు. ఫ్రౌకె వంటింట్లో కప్పులో కలకండ పలుకు వేసి టీ పోసింది, అది చిటపటమంది. హిల్కె ప్లగ్గు పెట్టొచ్చి బల్ల దగ్గర కూర్చుంది. గోడకి అటువైపు హాబో.

"వచ్చింది! ఫ్రౌకె, వచ్చేసింది! లోపలికి రానిచ్చింది!"

డెబ్బై దాటిన మనిషి, పండగ బహుమతి విప్పిన పిల్లాడిలా అరిచాడు. వెంటనే దగ్గు. మిషను రొదని మించి దగ్గు. ఫ్రౌకె కప్పు వదిలి పరిగెత్తింది. హిల్కె లేచి నడవలో ఆ ఓర తలుపు దాకా వెళ్ళింది. ఆగింది. ఇప్పుడు తలుపు తోస్తే అన్న ముఖం కనపడుతుంది. రెండే రెండు మాటలు. ఇన్నేళ్ళూ మోసిన బరువు దించేసుకోవచ్చు. దించుకుంటే అది ఎక్కడ పడుతుందో ఆమెకి తెలుసు. ఆ నీలం పెదాల మీద పడుతుంది. ఆమె చెయ్యి తలుపు మీదే ఉంది. దగ్గు తగ్గింది.

"మెకానిక్ ఉన్నాడు" అంటోంది హాబో గొంతు, ఆయాసంతో. "పొద్దుపోకుండానే వచ్చేశాడు, పాపం. గొర్రె లేదు."

"వస్తుందిలే."

"ఎప్పుడూ నాకంటే ముందే వచ్చి కూర్చునేది. నేను రెండ్రోజులు రాలేదని కోపమొచ్చి మానేసిందేమో."

"గొర్రెలకి కోపాలేంటి?"

"నవ్వకు, ఫ్రౌకె. ముగ్గురుంటే గాని ఆట లేదు. ఇంకెవర్నైనా రానివ్వనా అంటున్నాడు మెకానిక్. వద్దన్నాను. ఆవిడ వచ్చేదాకా చూద్దాం అన్నాను."

ఫ్రౌకె గదిలోంచి బయటికొచ్చింది. తలుపు దగ్గర గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డ హిల్కెని చూసింది. ఆడవాళ్ళకి కొన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. గొర్రె ఎవరో ఆమెకి అర్థమైంది. తర్వాత కొక్కెం మీది కోటు తీసి హిల్కె భుజాల మీద కప్పింది.

"వెళ్ళు" అంది, చిన్నగా. "తొందరగా వెళ్ళు."

కప్పులో టీ సగం అలాగే ఉంది.

హాబో ఆ తర్వాత మూడు వారాలు బతికాడు. ఓపికున్న రోజు ఆడాడు. అంత్యక్రియలకి హిల్కె వెళ్ళింది, చర్చిలో వెనక వరసలో నిలబడింది, టీకి మాత్రం ఉండలేదు. ఉండమని ఫ్రౌకె చెయ్యి పట్టుకున్నా ఉండలేదు. "తప్పు నాది" అన్న మాట ఎవరికీ చెప్పకుండానే మిగిలింది. ఇప్పుడిక చెప్పుకోవడానికి మట్టి తప్ప ఏముంది? అదంతా తర్వాతి సంగతి. నేను చెప్పదలుచుకున్నది ఆ రోజుదే.

ఆ రోజు ఆమె ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ వంతెన దాటింది. కళ్ళ నీళ్ళకి గాలిని సాకు పెట్టుకుంది. కోటు విప్పకుండానే తెర ముందు కూర్చుని "మొయిన్" అని రాసింది.

"మొయిన్, మొయిన్! ఎక్కడ చచ్చావు గొర్రే?" అన్నాడు మెకానిక్. "ఇక్కడ పాత పడవ లంగరు తియ్యనని మొండికేశాడు, నువ్వొస్తే గాని."

"ఆలస్యమైంది. క్షమించు" అని రాసింది హిల్కె. క్షమించు అన్న మాట మీద ఆమె వేళ్ళు కాసేపు ఆగాయి. పంపింది.

"ఫర్లేదు" అన్నాడు హాబో.

ముక్కలు పంచారు. హాబో నెమ్మదిగా రాస్తున్నాడు.

"మా ఇంటికి ఇవాళ ఇంటర్నెట్ బాగుచేసే ఆవిడ వచ్చింది. చప్పుడు లేకుండా చేసి పోయింది. ఒక్క కప్పు కూడా పూర్తిగా తాగలేదట."

"అదేం మర్యాద!" అన్నాడు మెకానిక్.

"అదే నేనూ అన్నాను. మా వైపు అలా ఎవరూ లేవరు. ఏమంటావు గొర్రే?"

హిల్కె తెర వంక చూసింది. గోడ గడియారం పక్కన కిటికీలోంచి, కాలువ అవతల, పొగ గాలికి వాలుతూ లేస్తోంది.

"ఆవిడ కోసం ఎవరో ఎదురుచూస్తూ ఉండి ఉంటారు" అని రాసింది.

"అదృష్టవంతురాలు" అన్నాడు హాబో. "ఆడు, నీ వంతు."

హిల్కె ముక్క వేసింది.